పాత ఫెయిర్‌మాంట్ మోటార్ కారు కొనాలనుకుంటున్నాను. ఏం చూసుకోవాలి?

గిద్దలూరు_క్వార్టర్స్ | మార్చి 9

అందరికీ నమస్కారం. నేను కనెక్టికట్‌లో ఉంటాను. మా ఊరికి గంట దూరంలో ఒక పెద్దాయన తన షెడ్డులో ఉన్న ఫెయిర్‌మాంట్ ఎంటీ-14 అమ్మకానికి పెట్టాడు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: అది రైలు పట్టాల మీద నడిచే చిన్న తనిఖీ బండి. నాలుగు ఇనప చక్రాలు, ముందు అద్దం, పైన రేకు కప్పు. లోపల ఇద్దరు హాయిగా, నలుగురు ఇరుగ్గా కూర్చోవచ్చు. ఒకప్పుడు ఇక్కడి రైల్వే గ్యాంగులు వీటిలోనే లైను చూసుకునేవాళ్ళు. ఇప్పుడు వీటిని మామూలు మనుషులు కొనుక్కుని హాబీగా నడుపుతున్నారని ఈ మధ్యే తెలిసింది. ట్రైలర్‌తో కలిపి 5,200 డాలర్లు చెబుతున్నాడు.

నాకు దీని మీద ఎందుకింత మనసు పోయిందో కూడా చెప్పాలి. మా నాన్న ట్రాలీమ్యాన్, అంటే రైలు పట్టాల మీద తనిఖీ ట్రాలీని తోసే మనిషి. గిద్దలూరు, దిగువమెట్ట వైపు మీటర్ గేజి (పట్టాల మధ్య మీటరు దూరం) ఉన్న రోజుల్లో మొదలుపెట్టి, గేజి మారాక కూడా కొన్నేళ్ళు చేశారు. చిన్నప్పుడు సెలవుల్లో నేను స్టేషన్ చివర నిలబడి చూసేవాణ్ణి. ముందు సీట్లో పీడబ్ల్యుఐ (పట్టాల ఇన్‌స్పెక్టర్) గారు గొడుగు కింద కూర్చునేవారు. నలుగురు ట్రాలీమెన్‌లో ఇద్దరు వెనక, ఉత్త కాళ్ళతో, చెరో పట్టా మీద పరుగెత్తుతూ తోసేవాళ్ళు. బండి ఊపందుకోగానే ఇద్దరూ ఎక్కి వెనక బల్ల మీద కూర్చునేవాళ్ళు. వేగం తగ్గితే మిగతా ఇద్దరూ దిగి పరుగు మొదలుపెట్టేవాళ్ళు. ఎండాకాలం ఆ పట్టా ఎంత కాలుతుందో నేను ఒకసారి కాలు పెట్టి చూశాను. నాన్న అరికాళ్ళు ఇప్పటికీ తోలులాగే ఉంటాయి.

అన్నేళ్ళు చేసినా ఆయన ముందు సీట్లో కూర్చున్నది లేదు. అది ఆయన చోటు కాదు కాబట్టి. జూన్‌లో ఆయన మా దగ్గరికి వస్తున్నారు. 74 ఏళ్ళు. ఆయన్ని ముందు కూర్చోబెట్టి నేను నడపాలని నా కోరిక.

నా ప్రశ్నలు ఇవి. కొన్నాక దీన్ని ఎక్కడ నడపాలి? మా ఇంటికి దగ్గర్లో తుప్పు పట్టి, మధ్యలో చెట్లు మొలిచిన లైను ఒకటి ఉంది. అక్కడ నడిపితే ఎవరైనా అడుగుతారా? బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు ఏమేం పరీక్షించాలి? నాకు కార్ల రిపేరు కొంచెం వచ్చు, రైలు సంగతి ఏమీ తెలియదు. ఆయన ఇంకో కొనుగోలుదారు ఉన్నాడంటున్నాడు, అందుకే కాస్త టెన్షన్‌గా ఉంది.

---

తెనాలి_లేత్ | మార్చి 9

మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను మసాచుసెట్స్‌లో ఉంటాను. మెషిన్ షాపులో పని. 2013లో ఇదే మోడల్ ఎంటీ-14 కొన్నాను, ఇప్పటికీ అదే నడుపుతున్నాను. తెలిసినంతా చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

అన్నిటికంటే ముందు ఆ తుప్పు పట్టిన లైను సంగతి. దాని మీద బండి పెట్టకండి. చెట్లు మొలిచినా, పదేళ్ళుగా రైలు రాకపోయినా ఆ పట్టాలకి యజమాని ఉంటాడు. ఏదో ఒక కంపెనీదో, రాష్ట్ర ప్రభుత్వానిదో అయి ఉంటుంది. అనుమతి లేకుండా పెడితే అది అక్రమ ప్రవేశం, పోలీసు కేసు. చట్టం ఒక్కటే కాదు. ఖాళీగా కనిపించే లైను మీద ఏ రోజు ఏ మరమ్మతు బండి ఎటునుంచి వస్తుందో మీకు తెలియదు, మీరు అక్కడ ఉన్నారని వాళ్ళకీ తెలియదు. ఇలా దొంగచాటుగా నడిపే ఒక్కరి వల్ల మిగతా అందరికీ లైన్లు ఇచ్చే రైల్వేలు వెనక్కి తగ్గుతాయి. మాలో ఇది చాలా గట్టిగా పట్టించుకునే విషయం.

మరి ఎక్కడ నడుపుతాం? ఈ హాబీకి ఒక సంఘం ఉంది, పేరు నార్కోవా. ఉత్తర అమెరికా అంతటికీ అదే. అందులో చేరి, వాళ్ళ రూల్ బుక్ చదివి, రాతపరీక్ష రాసి, అనుభవం ఉన్నవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకున్నాక మీకు ఆపరేటర్ కార్డు వస్తుంది. సంఘం తరఫున ఇన్సూరెన్స్ ఉంటుంది. అది ఉంది కాబట్టే చిన్న చిన్న రైల్వేలు ఒక శనివారమో ఆదివారమో వాళ్ళ లైను మాకు ఇస్తాయి. పది, ఇరవై బండ్లు వరసగా, ముందొక బాధ్యుడు, వెనకొక బాధ్యుడు. ఉదయం అందరినీ నిలబెట్టి సేఫ్టీ మీటింగ్ పెడతారు. ఆ రోజు ఏ మైలురాయి దగ్గర ఏ గేటు ఉంది, ఎక్కడ వాలు, ఎక్కడ పని జరుగుతోంది, అన్నీ చెబుతారు. వేగం గంటకి పదిహేను, ఇరవై మైళ్ళు. అంతకంటే తొందరపడే మనిషికి ఈ బండి సరిపడదు.

మీకు దగ్గర్లోనే న్యూ హ్యాంప్‌షైర్‌లో వుల్ఫ్‌బరో నుంచి వేక్‌ఫీల్డ్ దాకా పన్నెండు మైళ్ళ పాత బ్రాంచి లైను ఉంది. 1872లో వేసిన లైను. ఇప్పుడు దాన్ని కాటన్ వ్యాలీ ట్రెయిల్ అంటారు. రైళ్ళు ఆగిపోయినా చాలా మేర పట్టాలు తీయలేదు. నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ పట్టాల మధ్యనే దారి చేశారు, మా బండ్లు ఆ పట్టాల మీదే పోతాయి. అక్కడి బండ్ల క్లబ్బు వాళ్ళు సొంత చేతులతో స్లీపర్లు (పట్టాల కింది దిమ్మలు) మారుస్తారు, చెట్లు కొడతారు. రెండు చోట్ల లైను చెరువు మధ్యలో కట్ట మీదుగా పోతుంది. అటూ ఇటూ నీళ్ళు, ముందు రెండు పట్టాలు. మీ నాన్నగారిని అక్కడికి తీసుకెళ్ళండి. ముందు మీరొక్కరే వెళ్ళి వాళ్ళతో కలిసి ఒకరోజు పని చేసి రండి. బండి లేకుండా వెళ్ళినా ఎవరో ఒకరు ఎక్కించుకుంటారు.

ఇప్పుడు బండి పరీక్ష. వెళ్ళేటప్పుడు వెంట మల్టీమీటరు, వెర్నియర్ క్యాలిపర్, టార్చి, రెండు చెక్క దిమ్మలు తీసుకెళ్ళండి.

ఇంజిన్ గురించి భయపడకండి. అది ఓనన్, రెండు సిలిండర్లు ఎదురెదురుగా ఉంటాయి, గాలికి చల్లబడేది, సెల్ఫ్ స్టార్ట్. అలాంటి ఇంజిన్లే ఒకప్పుడు క్యాంపర్ వ్యాన్ల జనరేటర్లలో వాడారు కాబట్టి సామాను దొరుకుతుంది. పొగ వచ్చినా, కార్బురేటర్ మూసుకుపోయినా మీలాంటివాళ్ళు బాగుచేసుకోగలరు. అమ్మేవాళ్ళు ఇంజిన్ స్టార్ట్ చేసి వినిపిస్తారు, కొనేవాళ్ళు ఆ చప్పుడుకే మురిసిపోతారు. నేనూ అలాగే మురిసిపోయి 3,800 ఇచ్చాను. చూడాల్సింది కిందే ఉందని తర్వాత తెలిసింది.

చక్రాలు చూడండి. ఇవి రైలు పెట్టె చక్రాల్లా పోతపోసిన దిమ్మలు కావు, ఒత్తిన ఉక్కు రేకుతో చేసినవి. ఏళ్ళ తరబడి అరిగి, పట్టా మీద ఆనే చోట పల్చబడతాయి. అంచు ఉంటుందే, అదే ఫ్లేంజ్, అది కత్తిలా పదునెక్కిందంటే ఆ చక్రం పని అయిపోయినట్టే. క్యాలిపర్‌తో నాలుగు చోట్ల కొలవండి. టార్చి వేసి హబ్ (చక్రం నడిమి భాగం) చుట్టూ, బోల్టుల చుట్టూ పగుళ్ళు వెతకండి. పైన కొత్త రంగు దట్టంగా వేసి ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడండి.

ఆ తర్వాతది ఇన్సులేషన్. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. రైలు పట్టాల్లో సన్నని కరెంటు పోతూ ఉంటుంది. మామూలు రైలు వచ్చినప్పుడు దాని చక్రాలూ ఇరుసూ ఆ పట్టానీ ఈ పట్టానీ కలుపుతాయి. దాంతో రైలు అక్కడ ఉందని సిగ్నళ్ళకి తెలుస్తుంది, గేట్లు పడతాయి. మా బండి అలా కలపకూడదు. కలిపితే ఎక్కడో సిగ్నల్ ఎర్రగా పడి అసలు రైళ్ళు ఆగిపోతాయి. అందుకే చక్రానికీ ఇరుసుకీ మధ్య కరెంటు పారని బుష్ (తొడుగు) వేస్తారు. బండిని చెక్క దిమ్మల మీదకి ఎత్తి, ఎడమ చక్రానికి ఒక కొస, కుడి చక్రానికి ఒక కొస పెట్టి మల్టీమీటరుతో చూడండి. అసలు కరెంటు పారకూడదు. నా బండిలో వెనక జత చక్రాల మధ్య శుభ్రంగా పారింది. బుష్ ఎప్పుడో చితికిపోయింది. ఆ విషయం నాకు చెప్పకుండానే అమ్మారు. మొదటి సీజన్ సగం దాన్ని బాగుచేయడంలోనే పోయింది.

ఈ ఇన్సులేషన్‌కి ఇంకో వైపు ఉంది. బండి వస్తున్నట్టు రోడ్డు గేటుకి కూడా తెలియదు. ఎర్రలైటు వెలగదు, గంట కొట్టదు, అడ్డకర్ర దిగదు. రోడ్డు మీద అరవై మైళ్ళ వేగంతో వచ్చే కారుకి మీరు లేనట్టే లెక్క. కాబట్టి గేటు దగ్గర ఆగాల్సింది మీరే. ఆగి, ఒకరు జెండాతో దిగి, రోడ్డు రెండు వైపులా ఆగిందని చూసుకుని, అప్పుడు దాటాలి. రోజుకి ఇరవై గేట్లుంటే ఇరవై సార్లు ఇదే పని. ఇందులో విసుగు చూపించే మనిషిని మా బాధ్యుడు మర్నాడు రానివ్వడు. నేను దాన్ని నూటికి నూరుపాళ్ళు సమర్థిస్తాను.

గేటు దగ్గరే ఇంకో సంగతి. పట్టా పక్కన చక్రపు అంచు పోయే సందులో కంకరో మంచుగడ్డో ఇరుక్కుంటే వెయ్యి టన్నుల రైలు దాన్ని నలిపేసి పోతుంది, అరటన్ను బండి మాత్రం ఎక్కి పక్కకి దిగుతుంది. పాయింట్ల మీద, అంటే లైను చీలే చోట, కూడా అంతే. నడిచే వేగంతో దాటండి. అక్కడ కదిలే పట్టా కొన సరిగ్గా అతుక్కుందో లేదో దిగి కళ్ళతో చూడండి.

బ్రేకు గురించి నా అనుభవం ఒకటి చెబుతాను. నాలుగేళ్ళ కిందట అక్టోబరులో, మెయిన్ రాష్ట్రంలో ఒక లైను మీద వెళ్తున్నాం. ఎనిమిది బండ్లలో నాది నాలుగోది. పక్కన నా భార్య. రాత్రి వాన పడింది, మేపుల్ ఆకులు పట్టాల మీద తడిసి అతుక్కుపోయి ఉన్నాయి. చిన్న వాలు. ముందు బండి బ్రేకు లైటు వెలిగింది, నేను లివరు గట్టిగా లాగాను. చక్రాలు ఆగిపోయాయి, బండి ఆగలేదు. నాచు పట్టిన మెట్టు మీద కాలు జారినట్టు అలా పోతూనే ఉంది. చప్పుడు కూడా లేదు. భయంతో ఇంకా గట్టిగా లాగాలనిపిస్తుంది, కానీ నేర్పినవాళ్ళు చెప్పింది గుర్తొచ్చి వదిలాను. చక్రం మళ్ళీ తిరిగింది. నెమ్మదిగా పట్టాను, వదిలాను, పట్టాను. ముందు బండికి ఒక మనిషి పొడుగు దూరంలో ఆగింది. నా భార్య నా మోచేయి పట్టుకునే ఉంది. ఆ రోజు నుంచి తడి ఆకులు కనిపిస్తే ముందు బండికి రెట్టింపు దూరం ఉంచుతాను, ఎవరేమనుకున్నా సరే.

అందుకని ఆ షెడ్డులో బ్రేకు షూలు నాలుగూ చక్రానికి సమంగా ఆనుతున్నాయో లేదో చూడండి. లివరు చివరిదాకా వచ్చేస్తే షూలు అరిగినట్టు. గేరుపెట్టె నుంచి ఇరుసుకి పోయే చైన్ వేలాడుతోందేమో, బేరింగులు చేత్తో తిప్పితే గరగరమంటున్నాయేమో చూడండి. చివరగా, బండి కింద తిరుగుబల్ల ఉందా అని అడగండి. అది ఉంటే ఒక్కరే బండిని లేపి, ఉన్నచోటనే గుండ్రంగా తిప్పుకోవచ్చు. లేకపోతే ముందూ వెనకా ఉన్న పిడులు పట్టుకుని మనుషులే ఎత్తాలి.

5,200 మరీ ఎక్కువేమీ కాదు, చక్రాలు బాగుంటే. ఇంకో కొనుగోలుదారు ఉన్నాడన్న మాటకి తొందరపడకండి. ఈ బండ్లు 1980లూ 90లలో పట్టాలూ రోడ్డూ రెండిటి మీదా నడిచే ట్రక్కులు వచ్చాక రైల్వేలు వదిలించుకున్నవి. ఇంకా చాలా షెడ్డుల్లో ఉన్నాయి. ఇది పోతే ఇంకొకటి దొరుకుతుంది.

---

పీవే_రిటైర్డ్ | మార్చి 10

గుంతకల్లు. పర్మనెంట్ వేలో (పట్టాలు చూసుకునే విభాగం) 34 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ఎక్కువకాలం పుష్ ట్రాలీ ముందు సీట్లో కూర్చున్నవాణ్ణి. ఈ ప్రశ్న చదివి రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

తెనాలి వారు చెప్పిందంతా సరైనదే. మన దగ్గర ట్రాలీకి కూడా ఇన్సులేషన్ ఉంటుంది, కారణం అదే. మన జనరల్ రూల్స్‌లో ట్రాలీ అంటే ఏమిటో చాలా చక్కగా రాశారు: నలుగురు మనుషులు పట్టాల మీంచి ఎత్తి పక్కన పెట్టగలిగినదే ట్రాలీ. అలాంటిదే అంతకంటే బరువుంటే రూల్స్‌లో దాన్ని లారీ అంటారు (రోడ్డు లారీ కాదు), దానికి వేరే నిబంధనలు. అంటే బండి నిర్వచనంలోనే ఆ నలుగురూ ఉన్నారు. వాళ్ళు లేకపోతే అది ట్రాలీయే కాదు. మోటార్ ట్రాలీ సంగతి వేరు. దానికి రైలుకి ఇచ్చినట్టే లైన్ క్లియర్ (ముందు స్టేషన్ అనుమతి) ఇచ్చి పంపాలి, లేదా ఒక రైలు వెనకనే పంపాలి. పుష్ ట్రాలీ మాత్రం రైళ్ళ మధ్య దొరికిన ఖాళీలో పోతుంది. కాబట్టి ఆ నలుగురి చెవులూ కళ్ళే మాకు సిగ్నలు.

మలుపు తిరిగాక రైలు కూత వినిపిస్తే వాళ్ళు నన్ను అడిగేవాళ్ళు కాదు. బ్రేకు పడేది, నేను దిగేలోపు ఇద్దరు ముందు, ఇద్దరు వెనక వంగి ఉండేవాళ్ళు. ట్రాలీ కంకర పక్కన ఉండేది. వంతెన మీద అయితే అక్కడక్కడా పక్కకి పొడుచుకొచ్చిన అరుగులుంటాయి, ట్రాలీ రెఫ్యూజ్ అంటాం. అందులోకి ట్రాలీ చేర్చేవాళ్ళు. పాత మీటర్ గేజి రోజుల్లో చెలమ, బొగద మధ్య దొరబావి వంతెన మీదుగా ఒకసారి వెళ్ళాను. గేజి మార్చినప్పుడు ఆ దారి వదిలేశారు. కింద లోయ కనిపిస్తుంటే నేను సీటు గట్టిగా పట్టుకున్నాను. తోసేవాళ్ళు మాత్రం ఆ పట్టా మీదే పరుగెత్తుతున్నారు.

పట్టా లోపం నాకంటే ముందు వాళ్ళకి తెలిసేది. నేను కళ్ళతో చూసేవాణ్ణి, వాళ్ళకి అరికాళ్ళతో తెలిసేది. జాయింటు దగ్గర ఫిష్‌ప్లేటు (రెండు పట్టాల్ని కలిపే ఇనప పలక) వదులైతే పాదం కింద అదురుతుంది. "సార్, ఇక్కడ కొట్టుకుంటోంది" అనేవాళ్ళు. ఆపి చూస్తే బోల్టు వదులుగా ఉండేది. రిజిస్టరులో నా సంతకం పడేది. వాళ్ళ పేరు రాయడానికి అందులో గడి ఉండేది కాదు.

బాబూ, మీ నాన్నగారిని ముందు కూర్చోబెట్టండి. పని చేసిన రోజుల్లో మా ట్రాలీమెన్‌ను ఒక్కసారైనా ఆ సీట్లో కూర్చోమని నేను అనలేదు. అనాలని తోచలేదు. ఇప్పుడు తోస్తోంది.

---

నంద్యాల_వేణు | మార్చి 10

చాలా బాగుంది చర్చ. మన ఇండియాలో ఇలా సొంతంగా కొని నడపడం కుదురుతుందా? వాడని సైడింగులు (పక్క లైన్లు) చాలానే ఉన్నాయి కదా.

---

పీవే_రిటైర్డ్ | మార్చి 10

కుదరదు వేణూ. మన రైల్వే చట్టం 1989లో 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వస్తే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైగా మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు, అమెరికా గేజి 1,435. అక్కడి బండి తెచ్చినా మన పట్టాల మీద కూర్చోదు. ఆసక్తి ఉంటే దగ్గర్లోని సెక్షన్ ఇంజినీరుని మర్యాదగా అడగండి, స్టేషన్లో ట్రాలీ చూపిస్తారు. ట్రాలీమెన్‌తో కూర్చుని మాట్లాడండి. వాళ్ళ దగ్గరున్న విషయం ఏ పుస్తకంలోనూ లేదు.

---

గిద్దలూరు_క్వార్టర్స్ | మార్చి 17

అందరికీ చాలా కృతజ్ఞతలు. శనివారం వెళ్ళి చూసొచ్చాను. తెనాలి_లేత్ గారు చెప్పిన సామానంతా పట్టుకెళ్ళాను.

అచ్చం మీరన్నట్టే జరిగింది. పెద్దాయన ముందు ఇంజిన్ స్టార్ట్ చేశాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. ఆ చప్పుడుకి నా చేతులు జేబులోని చెక్కుబుక్కు వైపు పోయాయి. ఆగి, దిమ్మలు పెట్టి ఎత్తుదామన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు, తనే వచ్చి సాయం పట్టాడు.

చక్రాలు మూడు బాగున్నాయి. నాలుగోది, ముందు కుడివైపుది, మిగతావాటికంటే స్పష్టంగా పల్చగా ఉంది, అంచు పదునుగా ఉంది. మల్టీమీటరు పెడితే ముందు ఇరుసు మీద కరెంటు పారింది. ఆయనకి అది చూపిస్తే నిజంగా ఆశ్చర్యపోయాడు. పదిహేనేళ్ళుగా నడపలేదట, మోకాళ్ళ నొప్పులు. బ్రేకు షూలు పర్వాలేదు. చైన్ వేలాడుతోంది. తిరుగుబల్ల లేదు, పిడులే.

నేను బేరమాడదామనుకునేలోపే ఆయనే 4,100 అన్నాడు. ఒక షరతు పెట్టాడు: ఒకసారి తనని కూడా ఎక్కించుకోవాలట. నేను ఇంకా డబ్బు ఇవ్వలేదు. పాత చక్రం దొరుకుతుందా? ఒక చక్రం మార్చితే చాలా, లేక జత మార్చాలా?

---

తెనాలి_లేత్ | మార్చి 17

జత మార్చండి. ఒకే ఇరుసు మీద రెండు చక్రాల చుట్టుకొలత తేడాగా ఉంటే బండి ఎప్పుడూ ఒక పట్టా వైపే ఒరుసుకుంటుంది, కొత్త చక్రం అంచు కూడా త్వరగా అరిగిపోతుంది. సంఘం సభ్యుల్లో విడిభాగాలు అమ్మేవాళ్ళున్నారు, వాడినవి కొలిచి పంపమనండి. బుష్‌లు కూడా అప్పుడే కొత్తవి వేసేయండి, ఎలాగూ హబ్ విప్పుతారు. బుష్ నా లేత్ మీద తీసి ఇస్తాను, ఇరుసు కొలతలు పంపండి. డబ్బు మాట ఎత్తొద్దు.

4,100కి తీసుకోండి. మంచి మనిషి దగ్గర కొంటున్నారు.

ట్రైలర్ గురించి మొన్న చెప్పడం మర్చిపోయాను. బండి చక్రాలు ట్రైలర్ పట్టాల మీద ఉంటాయి కదా, బ్రేకు వేశాం కదా అని ఒక్క పట్టీతో కట్టకండి. నాలుగు మూలలా ఇరుసుకి గొలుసు వేసి బిగించండి. పది మైళ్ళు పోయాక ఒకసారి ఆగి మళ్ళీ బిగించండి. చెవులకి రక్షణ కూడా కొనండి, మీకూ నాన్నగారికీ. లోపల కూర్చుంటే ఆ చప్పుడు మామూలుగా ఉండదు.

---

గిద్దలూరు_క్వార్టర్స్ | ఆగస్టు 27

చాలా రోజులైంది. చెబుతానని మాటిచ్చాను కాబట్టి రాస్తున్నాను.

మే నెలాఖరుకి చక్రాలు, బుష్‌లు వేశాం. తెనాలి_లేత్ గారు బుష్‌లు తీసుకుని స్వయంగా మా ఇంటికి వచ్చారు, రోజంతా ఉన్నారు. జులైలో పరీక్ష పాసయ్యాను. కార్డు వచ్చేదాకా నేను ఆయన బండిలోనే పక్కన కూర్చుని మూడు ప్రయాణాలు చేశాను. బ్రేకు పట్టడం, వదలడం ఆయన నా చేతి మీద చెయ్యి వేసి నేర్పారు.

మొన్న శనివారం వుల్ఫ్‌బరో వెళ్ళాం. నాన్న ఉదయం బండి దగ్గరికి రాగానే ముందు చక్రాల దగ్గర కూర్చుని వేలితో అంచు తడిమి చూశారు. తర్వాత "చక్రానికి కట్టు వేశారా?" అన్నారు. ఇన్సులేషన్ గురించి అడుగుతున్నారని నాకు ఒక నిమిషానికి గానీ అర్థం కాలేదు. వేశామని చెబితే తల ఊపారు.

ముందు సీట్లో కూర్చోమంటే వెంటనే కూర్చోలేదు. బండి చుట్టూ తిరిగి వెనక ఎవరెవరు తోస్తారని అడిగారు. ఎవరూ తోయరు నాన్నా, ఇంజిన్ ఉందన్నాను. అప్పుడు చెప్పులు విప్పి ఎక్కారు. ఎందుకు విప్పారో నేను అడగలేదు.

నీళ్ళ మధ్య కట్ట మీదికి వచ్చేదాకా ఆయన ఏమీ మాట్లాడలేదు. పాదాలు కింద ఇనప నేల మీద ఆనించి, ముందుకు వంగి, రెండు పట్టాలూ మార్చి మార్చి చూస్తున్నారు. కట్ట దాటాక చెయ్యెత్తారు. ఆపాను. "ఎడమ పక్క జాయింటు కొట్టుకుంటోంది, వెనక్కి ఇరవై అడుగులు" అన్నారు. నాకు ఏమీ తెలియలేదు. మా వెనకున్న క్లబ్బు పెద్దమనిషి దిగి వెళ్ళి చూశాడు. ఫిష్‌ప్లేటు బోల్టు ఒకటి వదులుగా ఉంది. రెంచి తెచ్చి బిగించాడు. తర్వాత జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, ఆ చోటు రాసుకుని, నాన్న పేరు స్పెల్లింగ్ ఎలాగని నన్ను అడిగాడు.

బండి అమ్మిన పెద్దాయన కూడా వచ్చారు, వెనక సీట్లో. వేక్‌ఫీల్డ్ వైపు చివర బండి తిప్పాల్సి వచ్చినప్పుడు నేనూ తెనాలి_లేత్ గారూ క్లబ్బు వాళ్ళిద్దరూ పిడుల దగ్గరికి వెళ్ళేసరికి, నాన్న అప్పటికే వెనక కుడి పిడి దగ్గర వంగి ఉన్నారు. వద్దు నాన్నా అంటే వినలేదు. "నలుగురు కావాలి" అన్నారు.

పీవే_రిటైర్డ్ గారూ, మీ పోస్టు ఆయనకి చదివి వినిపించాను. మీ ఫోన్ నంబరు అడుగుతున్నారు. ప్రైవేటు మెసేజ్‌లో పంపగలరా?